మూగబోయిన నలభై మూడో అధ్యాయం

నస్పూర్‌లో బస్సు దిగి ముత్యం ఇల్లెక్కడ అని అడగండి, ఒక్కరూ ఇంటి నంబరు చెప్పరు. "పుస్తకం మాట్లాడే ఇల్లా? గా రేకుల పందిరి కాడికి పోండ్రి" అంటారు. నాలుగేళ్లుగా అదే గుర్తు. సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి ఆ రేకుల కింద పదిహేను, పద్దెనిమిది మంది చేరతారు. అందరూ బొగ్గుబావుల్లో పనిచేసి దిగిపోయినవాళ్లు, వాళ్ల ఆడవాళ్లు. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో ముత్యం, ఆయన ఒళ్లో ఫోను. ఫోనులోంచి ఒక ఆడగొంతు తెలుగు నవల చదువుతూ ఉంటుంది. చూసేవాళ్లకు ఇంతే సంబరం. ఆ గొంతు లేకపోతే ముత్యం ఏమైపోతాడో ఆయన భార్య సత్తమ్మకు తెలుసు, ఆయనకు తెలుసు.

ముత్యం వయసు యాభై ఎనిమిది. ఇరవై ఆరేళ్లు బావిలో టింబర్‌మన్‌గా చేశాడు. అంటే పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. దుంగ పెట్టేముందు కట్టెతో కప్పును తట్టి చెవి ఒగ్గి వినాలి. గట్టి కప్పయితే ఖంగుమంటుంది. లోపల పగులుంటే డొల్లగా మోగుతుంది. డొల్ల మోత వచ్చిన చోటికి టింబర్‌మన్ ఇంకో మనిషిని రానివ్వడు. ముందు తాను పోయి, తట్టి, విని, ఆ తర్వాతే వెనకవాళ్లను పిలుస్తాడు. ముత్యానికి ఆ పని ఒంటికి పట్టేసింది. పెళ్లివారింట భోజనానికి పిలిచినా ముందు తానొక ముద్ద తిని చూసి, "రాండ్రి, మంచిగనే ఉన్నది" అనే రకం.

చెవి అంత బాగున్న మనిషికి కళ్లు ఎదురు తిరిగాయి. నీటికాసుల జబ్బు. రోజూ చుక్కల మందు వేసుకోమని డాక్టరు చెబితే ఈయనగారు మూడు నెలలు వేసుకొని, మంట మండుతోందని మానేశాడు. ఇప్పుడు తిట్టి ఏం లాభం? యాభై రెండో ఏట చూపు పూర్తిగా పోయింది. పనికి అన్‌ఫిట్ అన్నారు, ఆ కొలువులో కొడుకు ఓంప్రకాశ్ చేరాడు.

చూపు పోయినవాడు చీకటికి జడుసుకుంటాడని అనుకుంటాం. బావిలో ఇరవై ఆరేళ్లు తిరిగినవాడికి చీకటి చుట్టమే. ముత్యానికి భయమల్లా చప్పుడు లేకపోవడం. దానికో కథ ఉంది, అది చెప్పకపోతే తర్వాతి ముక్క మీకు అందదు.

ముత్యానికి ముప్పై ఒకటో ఏడు. ఒక ఫస్ట్ షిఫ్టులో, తాను తట్టి బాగుందన్న చోటికి పది బారల అవతల కప్పు కూలింది. బొగ్గు పెళ్ల కింద ఎడమ పాదం ఇరుక్కుపోయింది. టోపీ లైటు పగిలిపోయింది. కూలిన గుట్టకు అటుపక్క కొమురెల్లి ఉన్నాడు, ఈయనకంటే ఐదారేళ్లు పెద్ద, రోజూ కలిసి టిఫిన్ విప్పుకునే మనిషి. ఒకరికొకరు కనపడరు. మాట మాత్రం వినపడుతుంది. కొమురెల్లి మాట్లాడడం మొదలుపెట్టాడు. "తమ్మీ, పరేషాన్ గాకు. అటుదిక్కు నుంచి తవ్వుకుంట వస్తుండ్రు. గడ్డపార మోత నాకు వినబడ్తుంది" అని. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. "ఇంకింత దగ్గరికొచ్చిండ్రు. మన షిఫ్టు సర్దార్ గొంతు గూడ వినబడ్తుంది. జర ఓర్చుకో." అలా పద్నాలుగు గంటలు. ముత్యం ఆ మాట పట్టుకొని ఊపిరి నిలబెట్టుకున్నాడు.

తర్వాత ఆ మాట ఆగిపోయింది.

ఎంతసేపు ఆగిందో ముత్యానికి తెలియదు, బయటికి తీసినవాళ్లు రెండు గంటలని చెప్పారు. ఆ రెండు గంటల్లో కొమురెల్లి చచ్చిపోయాడనుకున్నాడు. పిలవడానికి నోరు రాలేదు. పిలిస్తే జవాబు రాకపోతే? ఆ భయంతో పిలవకుండా పళ్లు బిగబట్టుకొని కూర్చున్నాడు. చివరికి ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. కొమురెల్లి గొంతు మాత్రం ఆ తర్వాత బొంగురుపోయి గీరుగానే ఉండిపోయింది. అరిచి అరిచి పోయిందని అందరూ అన్నారు. ఆ రెండు గంటల గురించి ఇద్దరూ ఒక్కనాడూ మాట్లాడుకోలేదు.

అందుకే చూపు పోయిన మొదటి రెండేళ్లూ మధ్యాహ్నం వస్తోందంటే ముత్యానికి ఒళ్లు జలదరించేది. కొడుకు షిఫ్టుకు పోతాడు, సత్తమ్మ పొరుగింటికో రేషన్ దుకాణానికో పోతుంది, ఇల్లు సద్దుమణుగుతుంది. కుర్చీలో కూర్చున్న మనిషికి ఎడమ పాదం మళ్లీ బొగ్గు కింద ఇరుక్కున్నట్టయ్యేది. సత్తమ్మ తిరిగొచ్చేసరికి గోడకానుకొని, అంగీ అంతా చెమటతో తడిసి, "యాడికి పోయినవే, ఒక్కమాట జెప్పి పోరాదా" అని వణుకుతూ ఉండేవాడు.

ఆ ఇంటికి కోడలు భవ్యశ్రీ వచ్చాక సంగతి మారింది. మంచిర్యాలలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే పిల్ల. మామ భయం చూసి నవ్వలేదు. పాత ఫోనులో చూపులేనివాళ్ల సౌకర్యం పెట్టింది, వేలు ఆనిస్తే ఏముందో చదివి చెబుతుంది, గంట గంటకూ టైము చెబుతుంది. పుస్తకాలు అమ్మే యాప్ ఒకటి దించి, ఒక నవల కొని, "గిక్కడ రెండుసార్లు కొట్టు మామా" అంది. కొట్టాడు. గొంతు మొదలైంది. ఆ మధ్యాహ్నం సత్తమ్మ బయటికి పోయి వచ్చిందని కూడా ఆయనకు తెలియలేదు.

"నాకు సవితిని తెచ్చినవ్ బిడ్డా" అని సత్తమ్మ కోడలిని ఎత్తిపొడిచింది. లోపల ఎంత సంతోషించిందో ఆమెకే తెలుసు.

మొదట కొమురెల్లి వచ్చి కూర్చున్నాడు. తర్వాత కమలవ్వ వచ్చింది, డెబ్భై దాటిన మనిషి, కొడుకు పోయాక ఒంటరిగా ఉంటుంది. ఆమె వెంట ఇంకొకరు, వాళ్ల వెంట ఇంకొకరు. ముత్యం తన పద్ధతి మానలేదు. ప్రతి మధ్యాహ్నం ఒక అధ్యాయం ఒక్కడే వింటాడు, సాయంత్రం అదే అధ్యాయం అందరికీ వినిపిస్తాడు. తల్లి ముందు కొడుకు చచ్చిపోయే ఘట్టం వస్తే, ఆ సాయంత్రం కమలవ్వను ముందే పక్కకు పిలిచి "ఇయ్యాల జర బరువుంటదవ్వా" అని చెబుతాడు. తాను ముందు వినకుండా ఎవరినీ లోపలికి రానివ్వడు.

ఈ ఏడు వాళ్లు పట్టుకున్న నవల లారీ నడిపే ఈరమ్మ కథ. ఎనభై అధ్యాయాలు. భర్త పోయాక అతని లారీ తానే నడుపుతుంది, తోడుగా ముసలి క్లీనర్ ఒకడుంటాడు. ఒక సేటు ఆమెకు టార్పాలిన్ కప్పి తాళ్లు బిగించిన సరుకు ఒకటి అప్పజెప్పి, విప్పి చూడొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. నలభై అధ్యాయాలైనా అందులో ఏముందో తేలలేదు. రేకుల కింద రోజూ అదే గొడవ. గంధపు చెక్కలని ఒకరు, దేవుడి విగ్రహమని ఒకరు. "శవం ఉన్నదిరా" అని కమలవ్వ.

ఇక ముత్యం చేసిన ఘనకార్యం వినండి. బావిలో పెద్దసారు మేలు చేస్తే ఊరికే తలూపి పోకూడదు, ఎదురుగా నిలబడి పేరు, హాజరు వేసే టోకెన్ నంబరు చెప్పి దండం పెట్టాలి. అది అక్కడి మర్యాద. ఒకనాడు ముత్యానికి ఆ మర్యాద గుర్తొచ్చింది. ఇన్నాళ్లుగా ఈ గొంతు వింటున్నాం, పుస్తకం వేసినవాళ్లకు ఒక్క మాట చెప్పలేదే అనుకున్నాడు. యాప్‌లో అభిప్రాయం రాసే చోటు వెతికి, నోటితో చెప్పి రాయించాడు. "అయ్యలారా, నాకు కండ్లు లెవ్వు. మీ ఒక్క పుస్తకం మా రేకుల కింద పద్దెనిమిది మందిమి వింటున్నం. మా కొమురన్న ఫోన్ల, కమలవ్వ ఫోన్ల, ఇంకో ముగ్గురి ఫోన్ల గూడ ఎక్కించిన. మీరు, మీ పిల్లలు సల్లంగుండాలె." కింద పేరు, ఊరు, ఫోను నంబరు, పాత టోకెన్ నంబరు. దొంగ కూడా ఇంత వివరంగా ఒప్పుకోడు. ఈయన మాత్రం ఆ రోజు కడుపు నిండా అన్నం తిన్నాడు.

సరిగ్గా ఇరవై రోజులకు, ఒక మంగళవారం మధ్యాహ్నం, ముత్యం నలభై రెండో అధ్యాయం విన్నాడు. ఘాట్ రోడ్డు మీద వానలో లారీ ఆగిపోయింది, ఈరమ్మ దిగి వెనక్కి నడిచింది. అక్కడితో ఆపాలి, అది పద్ధతి. ఆశ ఆగలేదు. నలభై మూడు మొదలుపెట్టాడు. "ఈరమ్మ తాడు ముడి విప్పింది. టార్పాలిన్ కింద చెయ్యి పెట్టింది. ఆమె వేళ్లకు తగిలింది..."

గొంతు ఆగిపోయింది.

ముత్యం రెండుసార్లు కొట్టాడు. నాలుగుసార్లు కొట్టాడు. ఫోను చచ్చిపోలేదు, వేలు ఆనిస్తే బ్యాటరీ ఎంతుందో చెబుతోంది. పుస్తకం మాత్రం పలకడం లేదు. పాత పుస్తకాలు తెరిచాడు, అవీ పలకలేదు. నూట పదకొండు పుస్తకాలు, ఒక్కదానికీ నోరు లేదు. అప్పుడు ఒక సందేశం వచ్చింది. అదే గొంతు, ఈరమ్మ కథ చెప్పిన గొంతే, అదే నిదానంతో చదివింది. "హక్కుదారుల కోరిక మేరకు బిగ్గరగా చదివే సౌకర్యం తొలగించాము. ఇకపై మీ పుస్తకాలు కొత్త రక్షణతో, ఒక్క ఫోనులో మాత్రమే తెరుచుకుంటాయి. అనుమతి లేని ప్రతులు ఉంచుకున్నవారి ఖాతాలు మూసివేసి, చట్టప్రకారం చర్య తీసుకుంటాము."

అయ్యో, నా నోటితో నేనే చెప్పుకున్నా కదా. పద్దెనిమిది మంది అని చెప్పా. కొమురన్న పేరు చెప్పా, కమలవ్వ పేరు చెప్పా. నంబరు కూడా ఇచ్చా. ఇల్లు సద్దుమణిగి ఉంది. ఎడమ పాదం లాగడం మొదలైంది.

సాయంత్రం అందరూ వచ్చి కూర్చున్నారు. చెప్పేద్దామని నోరు తెరిచాడు. చెబితే లేచిపోతారు. కేసు అనే మాట వింటే ఎవరుంటారు? రేపటి నుంచి ఎవరూ రారు. అప్పుడిక మధ్యాహ్నాలే కాదు, సాయంత్రాలూ సద్దుమణుగుతాయి. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాడు.

"స్పీకర్ ఖరాబైంది. నేను చెవుల విని మీకు చెప్త" అన్నాడు.

నలభై రెండో అధ్యాయం మధ్యాహ్నం విన్నదే, గుర్తున్నంత చెప్పాడు. చెవిలో ఏ చప్పుడూ లేదు.

"ఇంక రేపు ముడి విప్పుతది" అంది కమలవ్వ లేస్తూ.

మరునాడు పొద్దున భవ్యశ్రీ బడికి తయారవుతుంటే ఫోను ఆమె చేతిలో పెట్టాడు. "జర చూడు బిడ్డా, ఆ పిల్ల మాట్లాడ్తలేదు." రాసిన సంగతి చెప్పలేదు. భవ్యశ్రీ నిలబడే చూసింది, తర్వాత కూర్చొని చూసింది.

"తాళం మార్చిండ్రు మామా. కొత్త పద్ధతిల పేజీ అక్షరాలుగా రాదు, ఫోటో లెక్క వస్తది. ఫోటోను గీ గొంతు చదువలేదు. పుస్తకాలు దొంగతనం అయితున్నయని పబ్లిషర్లు ఒత్తిడి చేసిండ్రట. గా నోటీసు అందరికీ వచ్చింది, నీకొక్కనికే కాదు."

"అందరికి పంపిండ్రంటే, గా అందర్ల నేనుంటి గద" అన్నాడు ముత్యం.

"చూపులేనోళ్లకు మినహాయింపు అడగొచ్చు. సర్టిఫికెట్ పెట్టి దరఖాస్తు పంపుత. జవాబు ఎన్నడొస్తదో చెప్పలేను. వచ్చినా నీ ఒక్కని చెవికే ఇస్తరు మామా, పందిరి కింద వినిపిస్తమంటే ఒప్పరు." టైము చూసుకుంది. "ఇంకెవలకన్న ఎక్కించినవా?"

"లేదు" అన్నాడు ముత్యం. ఆయన జన్మలో కోడలికి చెప్పిన మొదటి అబద్ధం అది.

ఆమె పోయిన గంటకు సందులో మోటార్‌సైకిల్ ఆగింది. రెండు జతల బూట్లు. ఇంటిముందే ఆగాయి. ముత్యం ఫోను తీసుకొని తడుముకుంటూ వంటింట్లోకి పోయి బియ్యం డ్రమ్ములో మోచేతి దాకా దోపి మూత పెట్టాడు.

"ముత్యం ఇల్లిదేనా?" అని బయటి నుంచి ఎవరో అడిగారు. సత్తమ్మ అవునంది. "టోకెన్ నంబర్ ఎంత?"

ఆ మాట వంటింట్లో ఉన్న ముత్యానికి వినపడింది. వచ్చేశారు. టోకెన్ నంబరు వాళ్లకెవరిచ్చారు, నేను కాక? గోడ పట్టుకొని బయటికి వచ్చి నంబరు చెప్పాడు.

"యూనియన్ ఆఫీసు నుంచి వచ్చినం కాకా. రిటైరయినోళ్ల దవాఖాన కార్డులు రాసుకుంటున్నం. ఫోన్ నంబర్ చెప్పు."

"నాకు ఫోన్ లేదు."

వంటింట్లోంచి, బియ్యం అడుగు నుంచి, ఆడగొంతు నిదానంగా చెప్పింది. "సమయం పది గంటలు."

వచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సత్తమ్మ మొగుడి మొహం చూసింది. పాపం ఆమె ఏమనుకుందో ఏమో, "మా కోడలుది" అని వాళ్లను సాగనంపింది. తర్వాత డ్రమ్ము మూత తీసి, ఫోనుకు అంటిన బియ్యం దులిపి, ఆయన పక్కన కూర్చుంది.

"ఓంప్రకాశ్ బాపూ, ఏమైంది నీకు? నాతోనన్న చెప్పవా?"

"ఏం కాలే."

"మరి ఫోను బియ్యంల ఎందుకు పెట్టినవ్?"

"ఏం కాలేదంటున్న గద" అని కసిరాడు. ఆ మధ్యాహ్నం ఆమె ఎక్కడికీ పోలేదు. పక్కనే కూర్చొని ఎల్లిపాయలు వలుస్తూ, ఉన్నానని తెలియడానికి మధ్యమధ్య దగ్గుతూ ఉంది.

నాలుగున్నర అయింది. కుర్చీలు జరిగాయి, చాపలు పరిచారు. కమలవ్వ అందరికంటే ముందొచ్చి ఎదురుగా కూర్చుంది. ముత్యం ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాడు. చెప్పడానికి ఆయన దగ్గర మూడు వాక్యాలున్నాయి. ఆ మూడూ చెప్పేశాడు. ఈరమ్మ తాడు ముడి విప్పింది. టార్పాలిన్ కింద చెయ్యి పెట్టింది. ఆమె వేళ్లకు తగిలింది.

"ఏం తగిలింది?" అంది కమలవ్వ.

ఏం తగిలిందో ఆ పుస్తకం రాసినవాళ్లకు తెలుసు, తాళం వేసినవాళ్లకు తెలుసు. పద్దెనిమిది మంది ఊపిరి బిగబట్టుకొని తన నోటి వంక చూస్తున్నారని చెవికే తెలుస్తోంది. ఆగితే ఆ చప్పుడు లేనితనం వస్తుంది. నోటికి వచ్చింది చెప్పాడు.

"చల్లగ... చల్లగ ఏదో తగిలింది. చెయ్యి వెనకకు తీసుకున్నది. జడుసుకున్నది. లారీల నుంచి ఒక కట్టె తీసుకొచ్చింది. కట్టెతోని తట్టి చూసింది. చెవి పెట్టి విన్నది. ఒక దిక్కు గట్టిగ మోగింది. ఇంకింత ముందుకు పోయి తట్టింది. అక్కడ డొల్ల మోత వచ్చింది..."

"ఆగు తమ్మీ."

కొమురెల్లి. ఆ గీరు గొంతు ఎక్కడున్నా గుర్తుపట్టొచ్చు.

"లారీ నడిపే ఆడామెకు కట్టెతోని తట్టి వినుడు ఎవలు నేర్పిండ్రు?"

అక్కడున్న మగవాళ్లంతా బావిలో చేసినవాళ్లే. ముత్యం చెవిలోంచి ఇయర్‌ఫోన్ జారి ఒళ్లో పడింది.

"నిన్న సంది చూస్తున్న" అన్నాడు కొమురెల్లి. "నీ మాట డొల్లగ మోగుతుంది. ఏమైంది?"

ఇక దాచడం చేతకాలేదు. ముత్యం అంతా చెప్పాడు. గొంతు పోయిన సంగతి, నోటీసు, చర్య తీసుకుంటామన్న మాట. తర్వాత అన్నిటికంటే కష్టమైనది చెప్పాడు, తానే దండాలు పెట్టి రాసిన సంగతి, మీ పేర్లు కూడా ఇచ్చాను అని. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి అంతమంది ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. తలుపు దగ్గర నిలబడ్డ సత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

చివర కూర్చున్నవాళ్లలో ఇద్దరు చప్పుడు కాకుండా లేచారు. చెప్పులు వేసుకుంటుంటే ముత్యానికి వినపడింది. ఎవరెవరో కూడా తెలిసింది. వాళ్లను అనడానికేముంది, పెన్షన్ మీద బతికే మనుషులు.

"నన్ను తీస్కపోతే తీస్కపోనీ కొడుకా" అంది కమలవ్వ. "ఆడ టైంకు బువ్వ పెడ్తరంట." ఆమె గొంతులో కూడా జంకు ఉంది.

"ఇగ రేపటి నుంచి ఎవలు రాకుండ్రి" అన్నాడు ముత్యం. "నా కాడ ఏం లేదు. గా ముడి విప్పినంక ఏమున్నదో నాకు ఎర్కలేదు. నేను అన్నీ అబద్ధాలు చెప్పిన."

కొమురెల్లి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. మోకాలు మోకాలికి తగిలింది.

"బాయిల కప్పు కూలిన్నాడు నేను నీతోని మాట్లాడిన. యాదికున్నదా?"

"ఉండదా అన్నా."

"గడ్డపార మోత వినబడ్తుందన్న. సర్దార్ గొంతు వినబడ్తుందన్న."

"అన్నవ్."

"నాకేం వినబడలే."

ముత్యం ఆయన వైపు తల తిప్పాడు.

"ఏం వినబడలే తమ్మీ. నీళ్లు కారే చప్పుడు తప్ప ఏం లేదు. వస్తుండ్రో, ఒదిలేసిండ్రో ఎవలకెర్క? నీ మూలుగు వినబడ్తుంది. గది వింటే నాకు గుండె జారిపోతుంది. నా భయం నేను ఓర్వలేక నోటికొచ్చింది చెప్పుకుంట పోయిన. పద్నాలుగు గంటలు."

"మరి ఎందుకు ఆపినవ్?" అన్నాడు ముత్యం. ఇరవై ఏడేళ్లుగా అడగని మాట. "గొంతు పోయెనా?"

"గొంతు రెండు దినాలకు పోయింది. దుమ్ముకు." అన్నాడు కొమురెల్లి. "ఆపలే. అయిపోయినయి. ఇంక ఏం చెప్పాల్నో తోచలే. దగ్గరికొచ్చిండ్రంటి, ఇంక దగ్గరికొచ్చిండ్రంటి, ఇంకెంత దగ్గరికి తేవాలె? నాది అయిపోయినంక నువ్వు అందుకుంటవనుకున్న. ఒక్కమాట అంటవని చెవులు రిక్కపెట్టుకోని చూసిన. నువ్వు అనలే. పోయినవనుకున్న. రెండు గంటలు ఒక్కన్నే కూసున్న."

రేకుల మీద కాకి ఒకటి నడుస్తోంది, ఆ గోళ్ల చప్పుడు వినపడుతోంది. ముత్యానికి అప్పుడు తెలిసింది. గుట్టకు ఇటుపక్క తాను ఎంత జడుసుకున్నాడో అటుపక్క కొమురెల్లి కూడా అంతే జడుసుకున్నాడు. పిలవకుండా పళ్లు బిగబట్టుకున్నది తానే. చెయ్యి చాపి కొమురెల్లి మణికట్టు వెతికి పట్టుకున్నాడు.

"తప్పైంది అన్నా" అన్నాడు.

"తప్పు ముచ్చట కాదు. గా ఈరమ్మను వానల నిలవెట్టినవ్, డొల్ల మోత వచ్చిందన్నవ్. ముందుకు చెప్పు."

"నాకు రాదు. భయమైతుంది."

"నాకు గూడ అయింది."

కమలవ్వ చాప మీదే ముందుకు జరిగింది. "చెప్పు బిడ్డా. శవమే గద?"

సందులో ఏదో బండి ఆగిన చప్పుడైంది. ముత్యం మాట మింగేసి చెవి ఒగ్గాడు. పద్దెనిమిది మందిలో మిగిలిన పదహారు మందీ చెవులు ఒగ్గారు. బండి మళ్లీ కదిలి పోయింది. రేపు కూడా ఆగుతుంది, ఎల్లుండి కూడా ఆగుతుంది, ఏ బండి దేనికి వచ్చిందో తెలిసేదాకా ఈ భయం తప్పదు.

"డొల్ల మోత వచ్చిన కాడికి ఈరమ్మ ఎవలను రానియ్యలే" అన్నాడు ముత్యం. మాట వంకర్లు పోతోంది. "ముందు నేను పోయి చూస్తనని క్లీనర్ ముసలాయనతోని చెప్పింది..." రెండు మాటలు చెప్పి తడబడ్డాడు. ఇక ఏం తోచలేదు. రేకుల కింద ఆ చప్పుడు లేనితనం మెల్లగా మొదలైంది. ముత్యం ఎడమ పాదం వెనక్కి లాక్కున్నాడు.

"గప్పుడు గా ముసలాయన ఏమన్నడంటే" అని కొమురెల్లి గీరు గొంతు అందుకుంది.